సీసా మీద రాసిన పేరు

(జులై 28, ప్రపంచ హెపటైటిస్ దినం నాడు ఒక పారామెడికల్ కళాశాలలో డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) విద్యార్థులకు ఒక రిటైర్డ్ బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

ప్రిన్సిపాల్ గారికి, మేడమ్‌లకు, పిల్లలందరికీ నమస్కారం.

వెనకాల వినపడుతోందా? సరే. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆహ్వాన పత్రికలో నా పేరు ముందు ‘డా.’ అని వేశారు. పొరపాటు. మా ఆవిడ మాత్రం దాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది. (నవ్వులు) నేను బ్లడ్ బ్యాంకులో ల్యాబ్ టెక్నీషియన్ని. ముప్పై మూడేళ్లు అదే పని. మీరంతా రేపు చేయబోయే పని.

లివర్ జబ్బుల మీద, లివర్ క్యాన్సర్ మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్తల గురించి చెప్పమన్నారు. వాళ్ల గురించి మీకు డాక్టర్లు బాగా చెబుతారు. నేను సీసాల వైపు నుంచి చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరింది 1984లో. మేం పనిచేసిన ల్యాబులో ఒక పాత డీప్ ఫ్రీజర్ ఉండేది. కామెర్లతో వచ్చినవాళ్ల సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు, చిన్న గాజు సీసాల్లో పోసి అందులో పెట్టేవాళ్లం. ఎందుకని అడిగితే మా పెద్ద డాక్టరు గారు ‘ఉంచవోయ్, ఎప్పుడో పనికొస్తుంది’ అనేవారు. చిన్న కాగితం ముక్క మీద ఇంకు పెన్నుతో పేరు, తేదీ రాసి జిగురుతో అంటించడం నా పని. ఒక ఎండాకాలం రెండు రోజులు కరెంటు లేదు. మంచు కరిగింది. లేబుళ్లన్నీ నాని, ఊడి, అడుగున ముద్దయిపోయాయి. సీసాలకేం కాలేదు. లోపల సీరమూ ఉంది. ఏది ఎవరిదో మాత్రం తెలీదు. నూట అరవై చిల్లర సీసాలు బ్లీచింగ్ నీళ్లలో పోసి పారబోశాం. ఫ్రీజరు ఖాళీ అయింది కదా అని లోపల్లోపల సంతోషించాను కూడా. ఏం పారబోశామో నాకు తెలిసొచ్చింది చాలా ఏళ్ల తర్వాత, ఈ శాస్త్రవేత్తల సంగతులు చదువుతున్నప్పుడు.

కాలేయం సంగతి మీకు తెలుసు. లోపల నొప్పి తెలిసే నరాలు లేవు. పైపొర సాగితేనే నొప్పి. సగం పాడైనా మనిషి పొలం వెళ్లొస్తాడు, పెళ్లిళ్లకి వెళ్లొస్తాడు. హెపటైటిస్, అంటే లివర్ వాపు, తెచ్చే వైరస్ ఒంట్లోకి దూరిన రోజుకీ క్యాన్సర్ బయటపడే రోజుకీ మధ్య ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్లు. ఈ రోజు గడ్డతో వచ్చిన మనిషిని ‘ముప్పై ఏళ్ల కిందట మీ ఒంట్లో ఏముంది?’ అని అడిగితే ఏం చెబుతాడు? ఆయనకేం తెలుసు? ఎవరో అప్పటి రక్తం దాచి ఉంచితే, ఆ రక్తం చెప్పాలి.

బరూచ్ బ్లంబర్గ్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. ఇవాళ ఆయన పుట్టినరోజు. 1925 జులై 28. హెపటైటిస్ దినం ఈ తేదీన పెట్టింది అందుకే. న్యూయార్క్‌లో పుట్టారు. వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు సూరినామ్ దేశంలో గని కార్మికుల ఊరికి వెళ్లారు. అక్కడ బోదకాలు. దోమలు అందరినీ కుడతాయి, కాళ్లు మాత్రం కొందరికే వాస్తాయి. ఎందుకలా? ఆ ప్రశ్న పట్టుకుని ఆయన దేశదేశాలు తిరిగి జనం రక్తం పోగేశారు. గమనించండి, ఆయన లివర్ కోసం బయల్దేరలేదు. వైరస్ కోసమూ బయల్దేరలేదు. మనిషికీ మనిషికీ రక్తంలో తేడా ఏముందో చూద్దామని బయల్దేరారు.

ఆయన ఎత్తుగడ మీకు తేలిగ్గా అర్థమవుతుంది. రక్తం ఎన్నోసార్లు ఎక్కించుకున్న రోగి ఒంట్లో, పరాయి రక్తంలోని ప్రోటీన్ల మీద యాంటీబాడీలు, అంటే వాటిని పట్టుకునే రక్షక ప్రోటీన్లు, తయారై ఉంటాయి. అవి పట్టుకునేదాన్ని యాంటిజెన్ అంటాం. అలాంటి రోగి సీరం ఒక గుంటలో, ఊళ్ల నుంచి తెచ్చిన సీరం పక్క గుంటల్లో, మధ్యలో అగార్ జెల్. రెండూ పాకి ఎదురుపడిన చోట, సరిపడే జోడీ అయితే, సన్నటి గీత పడుతుంది. 1960ల మొదట్లో ఒక హిమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) రోగి సీరాన్ని 24 సీరాల ఎదుట పెట్టారు. ఒక్కదానితోనే గీత పడింది. ఆ ఒక్కటి ఆస్ట్రేలియా ఆదివాసీ ఒకరిది. అందుకే ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’. నేను చేరిన కొత్తలో డాక్టర్లు చీటీ మీద అదే రాసేవాళ్లు, ‘ఆస్ట్రేలియా పాజిటివ్’ అని. ఒక పేషెంటు బంధువు నన్నడిగాడు, ‘సార్, మా బాబాయి విజయవాడ దాటలేదు, ఆస్ట్రేలియా ఎలా వచ్చింది?’ అని. (నవ్వులు) నవ్వకండి, మంచి ప్రశ్నే. యాంటిజెన్‌కి ఒక ఖండం పేరు పెట్టారు. రక్తం ఇచ్చిన మనిషి పేరు పెట్టలేదు.

1965లో హార్వీ ఆల్టర్, బ్లంబర్గ్ కలిసి ఆ సంగతి అచ్చు వేశారు. ఈ ఆల్టర్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తారు. ఆ గీత ఏమిటో వాళ్లకి అప్పటికి తెలీదు. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) రోగుల్లో ఎక్కువగా కనబడుతోంది కాబట్టి దానికీ దీనికీ సంబంధం అనుకున్నారు. అలా అయితే ల్యుకేమియా వచ్చే అవకాశం ఎక్కువున్న డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో ఒక క్రోమోజోమ్ ఎక్కువుండే స్థితి) పిల్లల్లోనూ ఉండాలి కదా అని వాళ్ల రక్తం చూశారు. నిజంగానే ఉంది! అనుకున్న కారణం తప్పు, దారి మాత్రం సరైనది. వాళ్లలో ఒకరికి ముందు నెగెటివ్, కొన్ని నెలలకి మళ్లీ చూస్తే పాజిటివ్. పుట్టుకతో వచ్చే లక్షణమైతే మధ్యలో ఎలా మారుతుంది? ఆస్పత్రిలో చేర్చి లివర్ పరీక్షలు చేస్తే ఎస్‌జీపీటీ, అంటే లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము, పెరిగి ఉంది. హెపటైటిస్!

ఇది పుస్తకాల్లో ఉండే భాగం. నాకిష్టమైన భాగం ఇప్పుడొస్తుంది. ఫిలడెల్ఫియాలో బ్లంబర్గ్ ల్యాబులో బార్బరా వెర్నర్ అని ఒక టెక్నీషియన్. మన జాతి. ఆస్ట్రేలియా యాంటిజెన్‌ని రక్తం నుంచి విడదీసే పని ఆమెది. 1967 ఏప్రిల్‌లో ఒంట్లో నలతగా అనిపించింది. తను ముట్టుకుంటున్నది ఏమిటో ఆమెకి తెలుసు. ఒక సాయంత్రం తన రక్తమే తీసి, తనే జెల్‌లో పెట్టి ఇంటికెళ్లింది. పొద్దున వచ్చి చూస్తే గీత. సన్నగా ఉంది, కానీ స్పష్టంగా ఉంది. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. ఈ పరీక్షతో గుర్తించిన మొట్టమొదటి వైరల్ హెపటైటిస్ కేసు ఆమెదే. పూర్తిగా కోలుకుంది, కంగారు పడకండి. బ్లంబర్గ్ 1976లో నోబెల్ తీసుకుంటూ ఇచ్చిన ఉపన్యాసంలో ఆమె పేరు పెట్టి ఈ సంగతి చెప్పారు. ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టిందో లేదో ఆ ఉపన్యాసంలో లేదు. నాకు మాత్రం పట్టలేదు, సూది గుచ్చుకున్న రోజున. మా కాలంలో పిపెట్, అంటే ద్రవం కొలిచే గాజు గొట్టం, నోటితో పీల్చేవాళ్లం. సీరం నాలిక్కి తగిలిన రోజులున్నాయి. ఛీ అని ఉమ్మేసి నీళ్లు పుక్కిలించి మళ్లీ కూర్చునేవాళ్లం.

టోక్యోలో ఒకోచి, న్యూయార్క్‌లో ఆల్ఫ్రెడ్ ప్రిన్స్ అదే ముడి వేరే వైపు నుంచి విప్పారు. అది హెపటైటిస్ బి వైరస్ పైపొర అని తేలింది. ఇవాళ మీరు టెస్టు కార్డు మీద రక్తం వేసి వెతికే హెచ్‌బీఎస్ఏజీ అదే.

సరే, వైరస్ దొరికింది. క్యాన్సర్ దీని వల్లే వస్తోందని ఎలా నమ్మడం? తైవాన్‌లో పామర్ బీస్లీ అనే అమెరికన్ డాక్టరు 1975 ప్రాంతంలో ఒక పని మొదలుపెట్టారు. ఎవరిని పట్టుకున్నారో తెలుసా? ప్రభుత్వ ఉద్యోగుల్ని! ఎక్కడికీ పోరు, ఇన్సూరెన్స్ ఉంటుంది, చనిపోతే ఆఫీసులో రికార్డు ఉంటుంది. (నవ్వులు) 22,707 మంది మగవాళ్ల రక్తం తీసి, ఎవరిలో వైరస్ ఉందో రాసుకుని, ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 3,454 మందిలో వైరస్ ఉంది. 1981లో ఫలితం వచ్చింది. లివర్ క్యాన్సర్ వచ్చినవాళ్లు 41 మంది. అందులో 40 మంది ఆ 3,454 లోపలివాళ్లే. మిగిలిన పంతొమ్మిది వేల పైచిలుకు మందిలో ఒక్కడు. ముప్పు 223 రెట్లు. సిగరెట్టుకీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న లెక్క కూడా దీని దరిదాపుల్లోకి రాదు. ముందు రక్తం తీసి, తర్వాత జబ్బు కోసం ఆగారు కాబట్టి ఆ లెక్కని ఎవరూ తోసిపుచ్చలేకపోయారు. క్యాన్సర్ వచ్చాక రక్తం తీసి ఉంటే, వైరస్ ముందొచ్చిందా గడ్డ ముందొచ్చిందా అని ఇప్పటికీ వాదించుకుంటూ ఉండేవాళ్లు.

ఇంకో సంగతి. తల్లి నుంచి పుట్టేటప్పుడు అంటుకుంటే నూటికి తొంభై మంది పిల్లల్లో అది శాశ్వతంగా ఉండిపోతుంది. పెద్దయ్యాక అంటుకుంటే నూటికి ఐదుగురిలో. అందుకే పుట్టిన 24 గంటల్లో టీకా అని గొంతు చించుకునేది. తైవాన్ 1984 జులైలో మొదలుపెట్టింది. అక్కడ మెయ్-హ్వే చాంగ్ అనే పిల్లల డాక్టరమ్మ లెక్క తీశారు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో లివర్ క్యాన్సర్ లక్షకి 0.70 ఉండేది, 1990-94 నాటికి 0.36 అయింది. 1997లో అచ్చయింది. ఒక టీకా వల్ల మనుషుల్లో ఒక క్యాన్సర్ తగ్గడం చూడటం అదే మొదలు.

అదే 1997లో మన హైదరాబాద్‌లో ఇంకొకటి జరిగింది. మొదట్లో ఈ టీకాని వైరస్ ఉన్నవాళ్ల రక్తం నుంచే తీసేవాళ్లు. బ్లంబర్గ్, ఇర్వింగ్ మిల్‌మన్ 1969లో ఆ ఆలోచన చేస్తే, మెర్క్ కంపెనీలో మారిస్ హిల్మన్ దాన్ని టీకాగా చేశారు, 1981లో వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎయిడ్స్ భయం. రక్తం నుంచి తీసిన టీకా అంటే జనం వెనకాడారు. 1986లో ఈస్ట్ కణాల చేత ఆ పైపొర ప్రోటీన్ చేయించారు. బ్రెడ్డు పొంగించే ఈస్టే. రక్తంతో పని లేదు. కానీ ఆ దిగుమతి టీకా ధర మనలాంటి ఇళ్లకి అందేది కాదు. నెల్లూరు జిల్లా మనిషి, చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్, కె.ఐ. వరప్రసాద రెడ్డి గారు. వాళ్ల అమ్మగారి పేరున 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, ఉస్మానియాలో కొన్నాళ్లు, సీసీఎంబీ పరిశోధన సంస్థలో కొన్నాళ్లు చోటు తీసుకుని, వేరే జాతి ఈస్ట్‌తో 1997లో షాన్‌వాక్-బి తెచ్చారు. మన దేశంలో ఆ పద్ధతిలో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా అదే. ధర దిగొచ్చింది. మా స్టాఫ్ అందరం వరసలో నిలబడి వేయించుకున్నాం. నేను ఉద్యోగంలో చేరిన పదమూడేళ్లకి!

మీలో మూడు డోసులూ పూర్తయినవాళ్లు చేతులెత్తండి. …ఊఁ. సగం కూడా లేరు. దేశమంతటా పిల్లల టీకాల్లో ఇది చేరింది 2011 నాటికి. మీరంతా అంతకు ముందు పుట్టినవాళ్లు. మేడమ్, ప్రాక్టికల్స్‌కి పంపే ముందు వీళ్ల సంగతి చూడండి దయచేసి. టైటర్ కూడా చేయించండి, టీకా వల్ల యాంటీబాడీలు ఎన్ని వచ్చాయో చూసే పరీక్ష అది, 10 దాటాలి.

ఇక ఆల్టర్. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థల బ్లడ్ బ్యాంకు ఆయనది. గుండె ఆపరేషన్ చేసి రక్తం ఎక్కించినవాళ్లలో ఒకప్పుడు ముగ్గురిలో ఒకరికి హెపటైటిస్ వచ్చేది. డబ్బుకి రక్తం అమ్మేవాళ్లని ఆపి, బి పరీక్ష పెట్టాక బాగా తగ్గింది, కానీ పోలేదు. 1973లో హెపటైటిస్ ఎ వైరస్ దొరికింది. ఓహో, మిగిలినవన్నీ ఇవే అయ్యుంటాయని దాచిన సీరాలు తీసి చూస్తే, ఒక్కటీ ఎ కాదు. 1975లో దానికి ‘ఎ కాదు, బి కాదు’ అని పేరు పెట్టారు. పేరు అంటే నిజంగా అదే పేరు, నాన్-ఎ నాన్-బి. ‘సి’ అని ఎందుకనలేదంటే, వైరస్ ఒకటో రెండో, అసలు ఉందో లేదో తెలియకుండా అక్షరం ఖర్చు చేయడం ఎందుకని.

తర్వాత పద్నాలుగేళ్లు. ఎన్నో ల్యాబులు ‘మాకు దొరికింది, ఇదిగో పరీక్ష’ అని వచ్చేవి. ఆల్టర్ ఏం చేసేవారంటే, ఫ్రీజరులోంచి సీసాలు తీసి, పేర్లు తీసేసి కోడ్ నంబర్లు వేసి పంపేవారు. కొన్ని, జబ్బు అంటిస్తాయని చింపాంజీల్లో రుజువైనవి. కొన్ని శుభ్రమైన డోనర్లవి. ఒకే సీరం రెండు వేరువేరు నంబర్లతో కూడా పెట్టేవారు. మన భాషలో చెప్పాలంటే స్క్వాడ్! (నవ్వులు) వచ్చిన ల్యాబల్లా ఫెయిల్. కాలిఫోర్నియాలో కైరాన్ కంపెనీలో మైకేల్ హౌటన్, క్వీ-లిమ్ చూ, జార్జ్ కువో, ప్రభుత్వ సంస్థలో డేనియల్ బ్రాడ్లీ ఏళ్ల తరబడి పని చేశారు. వైరస్ కంటికి కనబడలేదు, పెంచితే పెరగలేదు. జబ్బు చేసిన చింపాంజీ రక్తంలోని జన్యు ముక్కల్ని లక్షల బాక్టీరియా కాలనీల్లో పెట్టి, రోగి సీరంతో ఒక్కొక్కటీ తడిమి చూస్తే, ఒక్క ముక్క పలికింది. ఆ ముక్కతో పరీక్ష చేసి ఆల్టర్ సీసాలు అడిగారు. ఈసారి కోడ్ విప్పితే జవాబులు సరిపోయాయి. 1989లో అచ్చయింది. హెపటైటిస్ సి. మనకి బ్లడ్ బ్యాంకుల్లో ఆ పరీక్ష తప్పనిసరి కావడానికి కొత్త శతాబ్దం రావలసి వచ్చింది. ఆ మధ్య కాలంలో నేను ‘ఓకే’ అని సంతకం పెట్టిన బ్యాగులు ఎన్నో. అది తలచుకోవడం నాకిష్టం ఉండదు.

2020లో నోబెల్ ఆల్టర్‌కి, హౌటన్‌కి, ఇంకేదీ తోడు లేకుండా ఆ వైరస్సే జబ్బు తెప్పించగలదని 1997లో రుజువు చేసిన చార్లెస్ రైస్‌కి వచ్చింది. ముగ్గురికంటే ఎక్కువ మందికి ఇవ్వరు. చూ, కువో బయటే ఉండిపోయారు. అంతకుముందు 2013లో కెనడా వాళ్ల పెద్ద బహుమతి ఒకటి వస్తే, ఆ ఇద్దరికీ ఇవ్వకపోతే నాకూ వద్దని హౌటన్ తిరగ్గొట్టారు. అదీ లక్ష డాలర్ల బహుమతి. నోబెల్‌ని మాత్రం తిరగ్గొట్టలేదు. నేనైతే రెండూ తీసుకుని ఉండేవాణ్ని. (నవ్వులు)

సి కి టీకా లేదు గానీ మందు ఉంది. సోఫోస్‌బువిర్, 2013 డిసెంబరులో అమెరికాలో వచ్చింది. 12 వారాల కోర్సు 84,000 డాలర్లు, మాత్ర వెయ్యి డాలర్లు. 2015లో మన హైదరాబాద్ నాట్కో 28 మాత్రల డబ్బా 19,900 రూపాయలకి పెట్టింది. అదీ తక్కువేం కాదు, కానీ పక్కపక్కన పెట్టి చూడండి.

టైమ్ అయిందా? ఒక్కటి చెప్పి ఆపేస్తాను, ఇది మన తార్నాకది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు ఊళ్లలో గిరిజనులకి కామెర్లు, పొట్టలో నీరు. 397 మంది జబ్బుపడితే 106 మంది పోయారు. వైరస్ అనుకున్నారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, రమేశ్ భట్ బృందం వెళ్లింది. వాళ్లకి పట్టిచ్చింది కుక్కలు. అదే ఇంట్లో అదే తిండి తిన్న కుక్కలూ పొట్ట ఉబ్బి చచ్చిపోయాయి. మనుషులకొచ్చే కామెర్ల వైరస్ కుక్కలకెందుకు వస్తుంది? కోతల సమయంలో వానలు పడి తడిసిన మొక్కజొన్న. దాని మీద బూజు, ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం. వేరుశనగకి పట్టేదీ అదే. మీలో అనంతపురం పిల్లలుంటే ఇంట్లో చెప్పండి, ముడుచుకుపోయి బూజు పట్టిన గింజలు ఏరి పారేయాలి, నూనె గానుగకి పంపకూడదు.

షాంఘైలో 18,244 మంది మూత్రం, రక్తం తీసి దాచారు, 1986 నుంచి 89 దాకా. అందులో లివర్ క్యాన్సర్ వచ్చినవాళ్ల సీసాలు తర్వాత వెతికి తీశారు. ఒక్క అఫ్లాటాక్సిన్ ఉంటే ముప్పు మూడున్నర రెట్లు, ఒక్క హెపటైటిస్ బి ఉంటే ఏడు రెట్లు, రెండూ ఉంటే దాదాపు అరవై. కూడితే రాదు ఆ లెక్క. ఎవరో ఒక టెక్నీషియన్ ఆ మూత్రం సీసాల మీద లేబుళ్లు సరిగ్గా అంటించాడు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, మా ఊళ్లో కామెర్లకి నేల ఉసిరి పసరు పోస్తారు. మా నాన్నకి తగ్గింది. అది నిజంగా పనిచేస్తుందా?)

నేను ఎదురుచూస్తున్న ప్రశ్న. ఏ ఊరమ్మా మీది? అలాగా. కూర్చో. మీ నాన్నగారికి ఏ కామెర్లు, పరీక్ష చేయించారా? …లేదు కదా. నీళ్ల వల్ల వచ్చే ఎ, ఇ రకాలు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ వారాల్లో పసరు తాగితే పేరు పసరుకొస్తుంది, ఉప్పులేని పత్యం చేస్తే పత్యానికొస్తుంది, చేతి మీద వాత పెడితే వాతకొస్తుంది. కానీ నేల ఉసిరిని తీసిపారేయను. ఎందుకంటే బ్లంబర్గే తీసిపారేయలేదు! మద్రాసులో త్యాగరాజన్ బృందం, బ్లంబర్గ్ కలిసి, బి వైరస్ ఉన్నవాళ్లకి ఎండబెట్టిన నేల ఉసిరి పొడి నెల రోజులు ఇచ్చారు. మందు తిన్న 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు పోయింది. మందు లేని ఉత్త గొట్టం బిళ్లలు తిన్న 23 మందిలో ఒక్కరికే. 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నేను ఆ కాగితం జిరాక్సు తీసుకుని ల్యాబులో అందరికీ చూపించాను, చూశారా మన నేల ఉసిరి అని. తర్వాత వేరే చోట్ల, వేరే దేశాల్లో చేస్తే ఆ ఫలితం రాలేదు. మళ్లీ చేశారు, రాలేదు. నాకు బాధేసింది. ఆ జిరాక్సు ఇంకా ఇంట్లో ఉంది. మీ నాన్నగారికి హెచ్‌బీఎస్ఏజీ చేయించు తల్లీ, పసరు తాగినా తాగకపోయినా.

(ఒక విద్యార్థి: పాజిటివ్ వస్తే సార్?)

వస్తే గాభరా పడక్కర్లేదు బాబూ. డాక్టరు చూస్తారు, వైరస్ ఎంతుందో కొలుస్తారు, మందు అవసరమైతే మాత్రలున్నాయి. ముప్పు ఎక్కువున్నవాళ్లకి ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండ్, వీలైతే ఏఎఫ్‌పీ అనే రక్త పరీక్ష. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు దొరికితే కోసి తీసేయొచ్చు. ఇంట్లో మిగతావాళ్లకి పరీక్ష, నెగెటివ్ అయితే టీకా. కంచం వేరుగా పెట్టడం, గది వేరు చేయడం, అదంతా అక్కర్లేదు. రేజరు, టూత్ బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లవి.

పక్క గదిలో స్క్రీనింగ్ క్యాంపు పెట్టారట. మొదటి శాంపిల్ నాదే తీయండి. ఎవరు తీస్తారు? నువ్వా? రా. చేయి వణికినా పర్వాలేదు, నా నరాలు పైకే ఉంటాయి. కానీ నేను కుర్చీలోంచి లేవకముందే లేబుల్ అంటించాలి. పేరు రిజిస్టరులో చూసి కాదు, నన్నే అడిగి రాయి. ‘డా.’ అని మాత్రం రాయకు.